హాజరు తప్పని లూ గెరిగ్

హాజరు పట్టీ విలువ మన పెన్షనరు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. పది నిమిషాలు ఆలస్యమైతే పేరు ఎదుట ఎర్రసిరా గీత పడిన రోజులు అందరికీ గుర్తే. అందుకే అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు లూ గెరిగ్ జీవితం మనకు చదవదగినది. ఆ ఆట మనకు పరిచయం లేకపోయినా, క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకుంటే చాలు.

గెరిగ్ 1903 జూన్ 19న న్యూయార్కు నగరంలో, జర్మనీ నుండి వలస వచ్చిన పేద దంపతులకు జన్మించారు. నలుగురు సంతానంలో బతికి బట్టకట్టినది ఆయన ఒక్కరే. తండ్రికి పని నిలకడగా ఉండేది కాదు. తల్లి ఇతరులకు వంటలు చేసి, బట్టలుతికి సంసారం నడిపింది. కొడుకు ఇంజనీరు కావాలని ఆమె కోరిక. ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు కూడా. ఇంట్లో అనారోగ్యం, వైద్యం ఖర్చులు మీద పడటంతో 1923లో న్యూయార్క్ యాంకీస్ జట్టులో చేరారు.

1925 జూన్ 1న మొదలైన ఆయన హాజరు 1939 ఏప్రిల్ 30 వరకు తెగలేదు. వరుసగా 2,130 ఆటలు! వేళ్ళు విరిగినా, తలకు బంతి తగిలినా మర్నాడు మైదానంలో ఉన్నారు. 1934 జూలైలో నడుము పట్టేసినప్పుడు మాత్రం, మొదటి బ్యాటరుగా దిగి ఒక్క దెబ్బ కొట్టి విశ్రాంతికి వెళ్ళిపోయారు. సంతకం పెట్టి పర్మిషన్ మీద ఇంటికి వెళ్ళడం మనకు తెలియనిదా! అయితే ఆయనది ఉత్త హాజరు కాదు. జీవితంలో 493 హోమ్ రన్లు కొట్టారు. బంతిని మైదానం అవతలికి కొట్టే ఈ హోమ్ రన్ మన సిక్సరు వంటిది.

1938లో ఆట మందగించింది. 1939లో మొదటి ఎనిమిది ఆటల్లో నాలుగు దెబ్బలే తగిలాయి. ఒకనాడు ఆయన చాలా మామూలు బంతిని అందుకుంటే సహచరులు పెద్ద ఘనకార్యంలా మెచ్చుకున్నారు. అది ప్రేమతో కూడిన జాలి అని ఆయన గ్రహించారు. తప్పుకోమని ఎవరూ అనలేదు. మే 2న డెట్రాయిట్ నగరంలో ఆయనే మేనేజరు జో మెకార్తీ వద్దకు వెళ్ళి, ఈ రోజు తనను ఆడించవద్దని చెప్పారు.

సరిగ్గా 36వ పుట్టినరోజున మేయో క్లినిక్ వైద్యులు జబ్బు తేల్చారు. కండరాలను నడిపే నరాలు క్రమంగా నశించే వ్యాధి అది. అమెరికాలో దానికి ఆయన పేరే నిలిచిపోయింది. జూలై 4న 61 వేల మందికి పైగా ప్రేక్షకుల ఎదుట వీడ్కోలు పలుకుతూ, తనను తాను అదృష్టవంతుడిగా చెప్పుకున్నారు.

తరువాత ఆయన ఇంట కూర్చోలేదు. ఎక్కువ డబ్బు వచ్చే అవకాశాలున్నా కాదని, 1940 జనవరిలో న్యూయార్కు నగర పెరోల్ కమిషన్‌లో ఉద్యోగం స్వీకరించారు. ఏటా 5,700 డాలర్ల జీతం. ఖైదీల విడుదల కాగితాలు చూడటం పని. చేతులు పట్టు తప్పాక సంతకానికి భార్య ఎలినార్ సాయం పట్టేవారు. అదీ సాధ్యం కానప్పుడు నిశ్శబ్దంగా తప్పుకుని, 1941 జూన్ 2న కన్నుమూశారు. ఆయన హాజరు రికార్డును 1995 సెప్టెంబరు 6న కాల్ రిప్కెన్ దాటేవరకు ఎవరూ దాటలేకపోయారు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. సర్వీసు చివర్లో నా కంటిచూపు తగ్గి లెడ్జరు మొత్తాలు తప్పుతుండేవి. పక్క సీటు కుర్రవాడు నాకు చెప్పకుండా దిద్దేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. 58 నిండేదాకా ఆ సీటు వదలలేదు. హాజరు విషయంలో నేనూ ఎవరికీ తీసిపోను. కానీ మే 2న గెరిగ్ చేసిన పని నావల్ల కాలేదు.