తెరుచుకోని తలుపు

ఆండ్రూ చార్లెస్ మైనార్‌స్కీ 1916 అక్టోబరు 14న కెనడా దేశంలోని విన్నిపెగ్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పోలండు నుండి వలస వచ్చినవారు. పదహారేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించాడు. తల్లికి, తోబుట్టువులకు ఆసరాగా నిలవడానికి ఆండ్రూ తోలుపనిలో చేరాడు. రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగా 1941లో కెనడా వైమానిక దళంలో ప్రవేశించి, విమానంలో తుపాకీ పేల్చే గన్నరుగా శిక్షణ పొంది ఇంగ్లాండు చేరాడు.

ఆనాటి లాంకాస్టర్ బాంబరు విమానంలో ఏడుగురు సిబ్బంది ఉండేవారు. మైనార్‌స్కీ స్థానం విమానం నడుమ, పైభాగాన. తోకలోని తుపాకీ గూటిలో కూర్చునేవాడు అతని ప్రాణమిత్రుడు పాట్ బ్రోఫీ. బ్రోఫీ హోదాలో పైవాడు. అందుచేత రోజూ విడిపోయేటప్పుడు మైనార్‌స్కీ సరదాగా సెల్యూట్ చేసి, అయ్యగారికి శుభరాత్రి అంటూ వెళ్ళేవాడు.

1944 జూన్ 12 రాత్రి ఆ ఏడుగురూ ఫ్రాన్సులోని కాంబ్రే రైల్వే యార్డుపై దాడికి బయలుదేరారు. మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరాన దిగి ఆరు రోజులే అయింది. శత్రువుకు రైళ్ళలో అదనపు బలగం అందకుండా చేయడమే ఈ దాడి ఉద్దేశం. అర్ధరాత్రి దాటాక ఒక జర్మను యుద్ధవిమానం వీరిని కాల్చింది. ఎడమవైపు రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. మంటలు లేచాయి. అందరూ దూకేయాలని పైలట్ ఆర్ట్ డి బ్రెయిన్ ఆజ్ఞాపించాడు.

దూకడానికి ద్వారం దగ్గరకు వచ్చిన మైనార్‌స్కీ వెనక్కి తిరిగి చూశాడు. తోకలోని గూడును తిప్పే శక్తి ఎడమవైపు ఇంజను నుండే అందేది. అది ఆగిపోవడంతో గూడు బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే పిడి కూడా విరిగిపోయింది. బ్రోఫీ లోపల చిక్కుకున్నాడు. మైనార్‌స్కీ మంటల్లో పాకుతూ అతని దగ్గరకు వెళ్ళాడు. గొడ్డలితో కొట్టాడు, వట్టి చేతులతో లాగాడు. ఒంటిమీది బట్టలు, పారాచూట్ అంటుకున్నాయి. తలుపు తెరుచుకోలేదు. వెళ్ళిపొమ్మని బ్రోఫీయే సైగ చేశాడు. మైనార్‌స్కీ మిత్రునికి వీపు చూపకుండా, మంటల్లోనే వెనక్కి పాకి, లేచి నిలబడి, ఎప్పటిలాగే సెల్యూట్ చేసి దూకాడు. ఫ్రెంచి పల్లెవాసులు అతనిని కనుగొన్నారు గానీ, కాలిన గాయాలతో కొద్దిసేపటికే మరణించాడు. అప్పటికి అతని వయస్సు 27 ఏళ్ళు. మెహారికూర్ గ్రామ శ్మశానంలో అతనిని సమాధి చేశారు.

ఆశ్చర్యమేమంటే, విమానం నేలను తాకి, చెట్టును ఢీకొన్నప్పుడు తోక గూడు ఊడిపోయి బ్రోఫీ బయటపడ్డాడు! మిగిలినవారిలో ఇద్దరు జర్మనులకు చిక్కారు. బ్రోఫీతో సహా నలుగురిని ఫ్రెంచి ప్రజలు తమ ప్రాణాలకు తెగించి దాచారు. ఏడుగురిలో మరణించినవాడు మైనార్‌స్కీ ఒక్కడే. ఆ మంటల్లో ఏమి జరిగిందో చెప్పగలిగినవాడు బ్రోఫీ ఒక్కడే. అతని సాక్ష్యం వల్లనే 1946 అక్టోబరులో మైనార్‌స్కీకి మరణానంతరం విక్టోరియా క్రాస్ పతకం ప్రకటించారు.

యుద్ధాన్ని పొగడడానికి ఈ కథ చెప్పడం లేదు. బ్రిటిషు బాంబరు దళంలోనే 55 వేల మందికి పైగా మరణించారు. వారి బాంబుల కింద ఎందరో అమాయకులూ ప్రాణాలు విడిచారు. అయితే ఈ యువకుని చివరి క్షణాలు మనల్ని ఒక ప్రశ్న అడుగుతున్నాయి. అతడు తెరవబోయిన తలుపు తెరుచుకోలేదు. మిత్రుడు బ్రతికింది కూడా అతని గొడ్డలి వల్ల కాదు. అలాగైతే అతని శ్రమ వ్యర్థమేనా?

ఫలితాన్ని బట్టే పనికి విలువ కడితే వ్యర్థమనే చెప్పాలి. కానీ బ్రోఫీ అలా అనుకోలేదు. తన కోసం ఒకరు మంటల్లోకి వచ్చారన్న సంగతి అతనికి తెలుసు. ప్రియ పాఠకులారా, నయం కాని జబ్బుతో మంచం పట్టిన తల్లికి రాత్రింబవళ్ళు సేవ చేసే బిడ్డలు మన విచారణలలో ఉన్నారు. దారి తప్పిన కొడుకు కోసం ఏళ్ళ తరబడి తలుపు తీసి ఎదురుచూసే తండ్రులు ఉన్నారు. వారి కష్టానికి ఫలితం కనబడకపోవచ్చు. ఆ ప్రేమ మాత్రం వ్యర్థం కాదు.