పార్లమెంటు కుర్చీలకు రూపమిచ్చిన ప్యూజిన్

ఢిల్లీ వెళ్ళి పార్లమెంటు చూసివచ్చిన వారిని అడిగితే ఒక సంగతి చెబుతారు. లోక్‌సభలో పరిచిన తివాచీ ఆకుపచ్చ. రాజ్యసభలో పరిచినది ఎరుపు. పాత భవనంలో ఉన్న ఈ రంగుల వరస 2023 మేలో ప్రారంభమైన కొత్త భవనంలోనూ మారలేదు. ఇది మనకు లండన్ నుంచి వచ్చింది. అక్కడ ప్రజలు ఎన్నుకునే కామన్స్ సభలో బెంచీలకు ఆకుపచ్చ తోలు, ప్రభువుల సభ అయిన లార్డ్స్‌లో ఎర్ర తోలు వేస్తారు.

ఆ లండన్ భవనం లోపల రాణి సింహాసనం మొదలు సిరాబుడ్డి వరకు దాదాపు ప్రతి వస్తువుకూ నమూనా గీసిన వ్యక్తి అగస్టస్ వెల్బీ ప్యూజిన్. భవనం పేరు చెప్పగానే లోకం చాలా కాలం మరొకరినే తలచుకుంది. ప్యూజిన్‌కు దక్కింది కొయ్యపని మీద అజమాయిషీ ఉద్యోగం, ఏడాదికి 200 పౌన్ల జీతం. నలభై ఏళ్ళకే ఆయన మతి చలించి కన్నుమూశారు.

పదిహేనేళ్ళకే రాజుగారి పని

ప్యూజిన్ 1812 మార్చి 1న లండన్‌లో పుట్టారు. తండ్రి ఫ్రాన్సులో విప్లవం వచ్చిన రోజుల్లో ఇంగ్లండు చేరి స్థిరపడిన చిత్రకారుడు. పాతకాలపు చర్చిలను, కోటలను కొలతలతో సహా గీసి పుస్తకాలుగా వేసేవారు. కుర్రవాడు తండ్రి వెంట తిరుగుతూ గీత నేర్చుకున్నాడు. కోణంగా మొన తేలిన కమానులు, ఎత్తయిన శిఖరాలు, రాతిలో ఆకులు, పూలు చెక్కిన ఆ పాత తరహాను గోథిక్ శైలి అంటారు. మెదక్ చర్చి చూసినవారికి ఈ తరహా ఎలా ఉంటుందో తెలుసు. ఆ శైలి మీద పుట్టిన మోజు ప్యూజిన్‌ను చివరిదాకా వదలలేదు.

1827లో, పదిహేనేళ్ళ వయసులో, నాలుగవ జార్జి రాజు విండ్సర్ కోటకు కుర్చీలు, బల్లల నమూనాలు గీసే పని ఆయనకు దొరికింది. రాజుగారి కొలువులో పని అంటే మరొకరైతే జీవితాంతం గొప్పగా చెప్పుకునేవారు. ప్యూజిన్ అలా చేయలేదు. పెద్దయ్యాక రాసిన పుస్తకంలో ఆ పనిని తానే తప్పుపట్టారు. చర్చి శిఖరాలను తెచ్చి కుర్చీల మీద అతికించడం తెలియనితనమని ఒప్పుకున్నారు.

ఆ తర్వాత నాటకశాలల్లో రంగాలంకరణ చేశారు. సొంతంగా కొయ్యసామాను, నగిషీ పని కొట్టు పెడితే అది 1831లో అప్పులపాలై మూతపడింది. అదే సంవత్సరం పెళ్ళి చేసుకున్నారు. మరుసటి ఏడాది భార్య కాన్పులో చనిపోయింది. ఆ ఏడాది చివర తండ్రి, 1833లో తల్లి పోయారు. అదే ఏడాది రెండో పెళ్ళి చేసుకుని, ఇరవయ్యొక్క ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

లెక్కల పుల్లలు తెచ్చిన చేటు

1834 అక్టోబరు 16న లండన్ పార్లమెంటు భవనం తగలబడింది. దానికి కారణం పుల్లలు. వెనకటి రోజుల్లో అక్కడ ఖజానాకు చెల్లించిన సొమ్ముకు పుల్లల మీద గాట్లు పెట్టి లెక్క ఉంచేవారు. ఆ పద్ధతి పోయినా పుల్లలు గుట్టలుగా మిగిలిపోయాయి. వాటిని వదిలించుకోవాలని లార్డ్స్ సభ కింద ఉన్న పొయ్యిలలో పొద్దంతా వేసి కాల్చారు. పొగగొట్టాలు మితిమీరి వేడెక్కి, సాయంత్రానికి మంటలు సభలోకి ఎగబాకాయి. రాత్రంతా కాలి రెండు సభలూ బూడిదయ్యాయి.

ఆ మంటను చూసిన జనంలో ప్యూజిన్ కూడా ఉన్నారు. తనకు నచ్చని కొత్త కట్టడాలు కూలినందుకు ఆయన సంతోషించారు. వెస్ట్‌మిన్‌స్టర్ హాలు అనే పాత మందిరం దక్కినందుకు ఊపిరి పీల్చుకున్నారు. కాలిన ఆ నేల మీద లేచే కొత్త భవనంలో తన జీవితమంతా కరిగిపోతుందని ఆ రాత్రి ఆయనకు తెలియదు.

పోటీలో చేతివాటం

కొత్త భవనం నమూనా కోసం ప్రభుత్వం పోటీ పెట్టింది. గోథిక్ శైలిలోగాని, మొదటి ఎలిజబెత్ రాణి కాలం నాటి పద్ధతిలోగాని ఉండాలని షరతు. 97 నమూనాలు వచ్చాయి. 1836లో గెలిచింది ఛార్లెస్ బారీ. బారీ పేరున్న వాస్తుశిల్పి. ఏ గది ఎక్కడుండాలి, జనం ఎటు నడవాలి, వెలుతురు ఎటునుంచి రావాలి అన్నవి అమర్చడంలో దిట్ట. కాని ఆయనకు అలవాటయినది గ్రీకు, ఇటలీ పద్ధతులు. గోథిక్ నగిషీ తెలిసిన చెయ్యి కావాలి. అందుకే పోటీకి పంపిన పటాలను ప్యూజిన్ చేత గీయించుకున్నారు. ఖర్చు అంచనాలు వేయడానికి కావలసిన వివరాల పటాలు కూడా ఆయనే గీశారు.

తర్వాత కొన్నేళ్ళు ఇద్దరూ ఎవరి దారిన వారు నడిచారు. 1835లోనే కథోలిక మతంలో చేరిన ప్యూజిన్ ఊరూరా చర్చిలు కట్టించారు, పుస్తకాలు రాశారు. గోడలు లేచి లోపలి పని దగ్గరపడేసరికి, 1844లో బారీ ఆయనకు మళ్ళీ కబురు పెట్టారు. ఆ ఏడాదే ప్యూజిన్ రెండో భార్య చనిపోయింది. ఆరుగురు పిల్లలతో మిగిలిన మనిషి ఈ పనిని నెత్తిన వేసుకున్నారు.

అతుకు కనిపించాలి

కుర్చీ విషయంలో ప్యూజిన్‌కు గట్టి నియమాలు ఉండేవి. 1841లో అచ్చువేసిన పుస్తకంలో వాటిని వివరించారు. వస్తువు వాడకానికి, నిలబడడానికి అవసరంలేని భాగం అందులో ఉండకూడదు. నగిషీ ఉంటే ఆ అవసరమైన భాగం మీదే ఉండాలి. కొయ్యను కొయ్యలాగే చూపించాలి, రంగు పూసి రాయి అనిపించకూడదు.

మన వడ్రంగులకు ఈ మాట వింత కాదు. ఒక చెక్క కొనను సన్నగా చెక్కి, మరో చెక్కకు తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా చీల కొడితే బల్ల తరాల తరబడి కదలదు. ఆనాటి లండన్ కొట్లలో ఈ అతుకును కప్పిపెట్టి, పైన పలచటి రేకుచెక్క అంటించి అమ్మేవారు. ప్యూజిన్ తన మామూలు బల్లల్లో, కుర్చీల్లో అతుకును, చీలను బయటికే కనిపించనిచ్చారు. కత్తెరలా రెండు కాళ్ళు అడ్డంగా కలిసే కుర్చీలు కూడా గీశారు. అందులో బరువు మోసే కాళ్ళే అందంగా కనిపిస్తాయి.

సింహాసనం సంగతి వేరు. వెస్ట్‌మిన్‌స్టర్ అబీ అనే చర్చిలో రాజుల పట్టాభిషేకానికి వాడే పాత కుర్చీని మనసులో పెట్టుకుని దానిని గీశారు. లండన్‌లోని జాన్ వెబ్ అనే పనివాడి కొట్టులో దానిని చెక్కి, బంగారు పూత పూసి, స్ఫటికాలు పొదిగారు. 80 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు ఉన్న లార్డ్స్ సభలో ఎటు నిలబడినా చూపు ఆ సింహాసనం దగ్గరే ఆగుతుంది.

రంగును చూసి దారి

లార్డ్స్‌కు ఎరుపు, కామన్స్‌కు ఆకుపచ్చ అనేది ప్యూజిన్ కనిపెట్టిన పద్ధతి కాదు. ఎరుపు రాచరికపు రంగుగా ముందునుంచీ ఉంది. కామన్స్ ఆకుపచ్చ మాట పదిహేడవ శతాబ్దం నాటికే వినిపిస్తుంది. బారీ, ప్యూజిన్ ఆ ఆచారాన్ని నిలబెట్టి, భవనమంతటా పరిచారు.

లార్డ్స్ వైపు ఎర్ర తోలు, బంగారు పూత, కప్పు నిండా రంగుల పలకలు, కిటికీలకు రంగు అద్దాలు. కామన్స్ వైపు ఆకుపచ్చ తోలు, కొయ్య పలకలు, తక్కువ ఆడంబరం. రాజు సింహాసనం వేసుకునే చోటికీ, ప్రజల ప్రతినిధులు వాదించుకునే చోటికీ తేడా తెలియాలన్నది ఉద్దేశం. ఈనాటికీ 1,100 దాకా గదులున్న ఆ భవనంలో నడుస్తూ ఉంటే కాలికింది తివాచీ పచ్చనిదైతే కామన్స్, ఎర్రనిదైతే లార్డ్స్ అని అక్షరం రానివాడికి కూడా తెలిసిపోతుంది. కుర్చీ తోలు మీద బంగారు రంగులో కోటద్వారపు ఇనుప తడిక బొమ్మ అచ్చువేస్తారు. ఆ భవనానికి గుర్తు అదే.

రామ్స్‌గేట్ నుంచి లండన్‌కు

ప్యూజిన్ సముద్రపు ఒడ్డున రామ్స్‌గేట్ అనే ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకుని, అక్కడినుంచే పటాలు గీసి పంపేవారు. గచ్చు పలకలు స్టోక్ ఊళ్ళోని మింటన్ కార్ఖానాకు, ఇత్తడి, ఇనుప సామాను, రంగు అద్దాలు బర్మింగ్‌హామ్‌లోని హార్డ్‌మన్‌కు, గోడకాగితాలు లండన్‌లోని క్రేస్‌కు వెళ్ళేవి. తలుపు పిడులు, తాళాలు, దీపాలు, కోటు తగిలించే కొక్కేలు, గొడుగులు పెట్టే స్టాండ్లు వరకు ఆయన గీసినవే. గోడకాగితాల నమూనాలే వందకు పైగా ఉన్నాయి. గీతపనిలో తోడు ఉన్నది దాదాపుగా ఒక్క శిష్యుడు. హార్డ్‌మన్ మేనల్లుడైన ఆ కుర్రవాడే తర్వాత అల్లుడయ్యాడు.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున కొయ్య చెక్కే కర్మాగారం నడిచింది. మొద్దుపని యంత్రం చేసేది. ఆపైన మనిషి ఉలితో తీర్చేవాడు. పాత చర్చిల శిల్పాలకు సున్నపు అచ్చులు తీయించి తెచ్చి, పనివారి ముందు పెట్టి నేర్పించారు ప్యూజిన్. మరిచిపోయిన పాత పనితనం అలా తిరిగి చేతుల్లోకి వచ్చింది.

పేరు ఎవరిది?

పని సాగుతుండగానే నగిషీ ఎవరిదన్న ప్రశ్న లేచింది. 1845లో ప్యూజిన్ స్వయంగా ఒక పత్రికకు జాబు రాశారు. భవనం నమూనా బారీదేననీ, తాను ఆయన కింద పని జరిపించేవాడిననీ అందులో తెలిపారు. వినయమో, కొలువు మీద భయమో, స్నేహమో గాని, తన పేరును తన చేత్తోనే వెనక్కు నెట్టుకున్నారు.

1847 ఏప్రిల్‌లో లార్డ్స్ సభ కొత్త మందిరంలో కొలువుతీరింది. చూసినవారంతా అబ్బురపడ్డారు. పొగడ్త బారీకి వెళ్ళింది. 1850లో కామన్స్ సభను పరీక్షగా జరిపి చూస్తే మాట సరిగా వినిపించడం లేదని సభ్యులు గొడవపెట్టారు. కప్పు దించి కట్టవలసి వచ్చింది. 1852 ఫిబ్రవరి 3న విక్టోరియా రాణి కొత్త భవనంలో సమావేశాలను ప్రారంభించారు. అదే నెలలో బారీకి సర్ బిరుదు ఇచ్చారు.

అప్పటికే ప్యూజిన్ ఆరోగ్యం పాడయింది. 1848లో మూడో పెళ్ళి చేసుకుని ఇంట కొంత నెమ్మది చూసినా పనిభారం తగ్గలేదు. ఆ రోజుల్లోనే బారీ కోసం గడియారపు శిఖరం నమూనా గీసిచ్చారు. ఈనాడు లోకమంతా బిగ్ బెన్ అని పిలుచుకునే శిఖరం అదే. బారీకి ఆయన గీసిన ఆఖరి పటం అది. ఆ ఫిబ్రవరి చివర కొడుకుతో కలిసి రైలులో లండన్ వెళ్తుండగా మతి తప్పింది. దిగేసరికి ఎవరినీ పోల్చుకోలేక, మాట పొందిక లేక ఉన్నారు. కొన్ని నెలలు పిచ్చాసుపత్రుల్లో ఉంచారు. భార్య జేన్ పట్టుబట్టి బయటికి తెచ్చుకుని సాకింది. కొంచెం తేరుకుని ఆమెను గుర్తుపట్టారు. సెప్టెంబరులో రామ్స్‌గేట్ ఇంటికి చేరిన కొద్ది రోజులకే, 14వ తేదీన, కన్నుమూశారు. ఇంటి పక్కన సొంత డబ్బుతో కట్టించిన చర్చిలోనే ఆయన సమాధి ఉంది. గడియారపు శిఖరం 1859లో పూర్తయింది. ఆయన చూడలేదు.

కొడుకు వేసిన ప్రశ్న

1860లో బారీ కూడా పోయారు. 1867లో ప్యూజిన్ కొడుకు ఎడ్వర్డ్ ఒక పుస్తకం అచ్చువేసి, భవనం కళ అంతా తన తండ్రిదని వాదించారు. బారీ కొడుకు దానికి బదులు రాశారు. తగవు చాలాకాలం నడిచింది. ఇప్పుడు చరిత్రకారులు ఎవరి పాలు వారికి పంచారు. కట్టడం నక్షా, ప్రభుత్వ కమిటీలతో ఏళ్ళ తరబడి పోరి పనిని గట్టెక్కించిన ఓపిక బారీవి. లోపలి సామాను, నగిషీ, గడియారపు శిఖరం రూపం ప్యూజిన్‌వి.

1941 మే నెలలో జర్మన్ బాంబులకు కామన్స్ సభామందిరం కాలిపోయింది. ప్యూజిన్ గీసిన స్పీకర్ కుర్చీ కూడా మంటల్లో పోయింది. అయితే దానిని చూసి చేయించిన కుర్చీలు అంతకుముందే, 1921లో కెనడా పార్లమెంటుకు, 1926లో ఆస్ట్రేలియా పార్లమెంటుకు కానుకగా వెళ్ళి ఉన్నాయి. అసలుది పోయినా దాని రూపం దూరదేశాల్లో నిలిచింది. 1950లో కామన్స్ సభను తిరిగి కట్టినప్పుడు స్పీకర్ కుర్చీని ఆస్ట్రేలియా ఇచ్చింది. సభ తలుపులను భారత, పాకిస్థాన్ దేశాలు కానుకగా ఇచ్చాయి. బెంచీలకు మళ్ళీ ఆకుపచ్చ తోలే వేశారు.

బాంబుల నుంచి బయటపడిన లార్డ్స్ సభలో మాత్రం ప్యూజిన్ గీసిన సింహాసనం ఇప్పటికీ ఉంది. బ్రిటన్ రాజు పార్లమెంటు సమావేశాలను ప్రారంభించడానికి వచ్చినప్పుడు కూర్చునేది దాని మీదే.