కంప్యూటర్‌కు దారి చూపిన గురువు – గ్యారీ కిల్డాల్



స్కాలర్‌షిప్ డబ్బులు దాచుకొని సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్న ప్రతి తమ్ముడూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. విండోస్ వేయించాలా, లినక్స్ వేయించాలా? మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నాకు అడగడానికి ఎవరూ లేరు. కరీంనగర్‌లో షాపువాళ్లు ఏది వేసిస్తే అదే వాడుకున్నాను. అందుకే జవాబు చెప్పే ముందు ఒక మహానుభావుని జీవితం చెబుతాను.

గ్యారీ కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్ నగరంలో జన్మించాడు. ఆయన కుటుంబం ఓడలు నడిపేవారికి సముద్రంలో దారి కనుక్కోవడం నేర్పే పాఠశాల నడిపేది. గ్యారీ కూడా అక్కడ పాఠాలు చెప్పాడు. లెక్కల మాస్టారు కావాలని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరి, కంప్యూటర్‌పై మనసు పడ్డాడు. తరువాత కాలిఫోర్నియాలోని మాంటెరేలో నౌకాదళ పీజీ విద్యాసంస్థలో బోధిస్తూ, 1972లో డాక్టరేట్ పొందాడు.

అప్పట్లో కంప్యూటరంటే పెద్ద సంస్థల సొత్తు. ఇంటెల్ వారు చిన్న చిప్ తయారు చేసినప్పుడు, దానితో సామాన్యుడి బల్లపైనా కంప్యూటర్ పెట్టవచ్చని నమ్మిన కొద్దిమందిలో కిల్డాల్ ఒకడు. 1974లో ఆయన రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు సీపీ/ఎం. పేరు చూసి పార్టీ అనుకోకండి! భార్య డొరొతీతో కలిసి డిజిటల్ రీసెర్చ్ అనే కంపెనీ స్థాపించి దానిని అమ్మాడు.

ఆయన గొప్పతనం ఎక్కడుంది? మన హాస్టల్‌లో కట్టెల పొయ్యి పోయి గ్యాస్ పొయ్యి వస్తే వంట మనిషి పప్పు వండటం మళ్లీ నేర్చుకోడు. పొయ్యి వెలిగించడం ఒక్కటే మారుతుంది. అలాగే కిల్డాల్ యంత్రాన్ని బట్టి మారే పనిని బయాస్ అనే చిన్న భాగంలో విడిగా పెట్టాడు. మిగిలినదంతా మారనక్కరలేదు. దాంతో ఒకే సిస్టమ్ ఎన్నో కంపెనీల యంత్రాలపై నడిచింది. మన అన్నలు ఇన్‌స్టిట్యూట్‌లలో నేర్చుకున్న వర్డ్‌స్టార్, డీబేస్ మొదట నడిచింది సీపీ/ఎం పైనే.

1980లో ఐబీఎం వారు ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఆ ఉదయం కిల్డాల్ తన చిన్న విమానంలో పని మీద వేరే ఊరు వెళ్లాడు. విహారానికి పోయి అదృష్టం పోగొట్టుకున్నాడని లోకం ప్రచారం చేసింది గానీ అది సరికాదు. రహస్య ఒప్పందంపై సంతకం దగ్గరే పేచీ వచ్చింది. చివరకు ఐబీఎం మైక్రోసాఫ్ట్ దగ్గర డాస్ తీసుకుంది. అది సీపీ/ఎం పోలికలతో మరొకరు రాసినది, మైక్రోసాఫ్ట్ కొనుక్కున్నది. తరువాత ఐబీఎం రెండూ అమ్మింది. డాస్ ధర 40 డాలర్లు, కిల్డాల్‌ది 240 డాలర్లు. జనం ఏది కొని ఉంటారో వేరే చెప్పాలా?

1991లో ఆయన కంపెనీ నోవెల్ చేతికి పోయింది. తలకు తగిలిన దెబ్బతో 1994 జులై 11న, 52 ఏళ్లకే ఆయన కన్నుమూశాడు. 2014లో ఆయన పనిచేసిన పసిఫిక్ గ్రోవ్‌లో ఐఈఈఈ సంస్థ స్మారక ఫలకం ఏర్పాటు చేసింది.

మిత్రులారా, అందరూ వాడేదే గొప్పదని అనుకోవద్దని ఈ జీవితం చెబుతుంది. 240 పెట్టలేని వారిది తప్పు కాదు. మనదీ అదే పరిస్థితి. అయితే నేడు లినక్స్‌కు పైసా ఖర్చు లేదు. తెలుగు మెనూలతో స్వేచ్ఛ అనే లినక్స్‌ను మన తెలుగువాళ్లే తయారు చేశారు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌ను మూలన పడేయకండి. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుండి నడిపి చూడండి. వైఫై, తెలుగు టైపింగ్ సరిగా ఉంటేనే ఎక్కించండి. ట్యాలీ వంటి ఉద్యోగానికి కావలసిన సాఫ్ట్‌వేర్ విండోస్‌నే కోరితే విండోస్‌నే ఉంచుకోండి, సిగ్గుపడనక్కరలేదు. ముందు మన పని ఏమిటో రాసుకొని, తరువాతే షాపు మెట్లు ఎక్కుదాం.

అడగడానికి ఎవరూ లేరని మాత్రం ఆదిలాబాద్ నుండి వచ్చిన తమ్ముడైనా, కరీంనగర్ చెల్లెలైనా ఇకపై అనుకోవద్దు. మీ అన్నలం ఉన్నాం.