పొగిడి పంపిన సభకి నెల్లీ జవాబు

కిందటేడు మా కాలనీ సంఘం సమావేశంలో ఆడవాళ్ళం నలుగురం ఒక కోరిక కోరాం. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసేదీ, చెత్తబండి రాకపోతే అవస్థపడేదీ మేమే కాబట్టి కార్యవర్గంలో మాకూ రెండు చోట్లు ఇమ్మన్నాం. సంఘం పెద్దాయన కాదనలేదు. మేం ఇంటికి దీపాలమని, మా చేతి కాఫీ పడందే మగవాళ్ళకి తెల్లారదని, ఇలాంటి తలనొప్పులు మా దాకా రానివ్వకపోవడం తమ ధర్మమని ఎంత మర్యాదగా చెప్పారంటే, మేం చప్పట్లు కొట్టి, పెట్టిన బిస్కెట్లు తిని వచ్చేశాం. గేటు దాటాక గానీ వెలగలేదు, మమ్మల్ని కుదరదన్నారని!

ఆ రాత్రి అంట్లు కడుగుతుంటే ఎప్పుడో చదివిన నెల్లీ మెక్లంగ్ గుర్తొచ్చింది. కెనడాలో ఆవిడ పేరు తెలియని బడిపిల్ల వుండదు. నాకు మాత్రం ఆవిడ పేరు వింటే ఒక్క రోజే కళ్ళ ముందు కడుతుంది. 1914 జనవరి 27. మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ నగరం. మంచు గడ్డకట్టే చలిలో కొన్ని వందలమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, శాసనసభకి వెళ్ళారు. తమకి ఓటు హక్కు ఇవ్వమని అడగడానికి. వాళ్ళ తరఫున మాట్లాడినవాళ్ళలో నెల్లీ ఒకర్తె. అప్పటికి ఆవిడకి నలభై ఏళ్ళు. అయిదుగురు పిల్లలు. ఆఖరివాడికి ఇంకా మూడో ఏడు నిండలేదు.

ఓటు వాళ్ళకి సరదా కోసం కాదు. ఆ రాష్ట్రంలో అప్పటి చట్టాలు ఎలా వుండేవో వింటే మనకి ఒళ్ళు మండుతుంది. భర్తతో పాటు ఇరవై ఏళ్ళు మట్టి పిసికి, రాళ్ళు ఏరి, పొలం చేసిన ఇల్లాలికి ఆ పొలం మీద హక్కు లేదు. ఆవిడతో ఒక్క మాట చెప్పకుండా ఇల్లూ పొలమూ అమ్ముకుని అతను వెళ్ళిపోవచ్చు. పిల్లలకి చట్టప్రకారం సంరక్షకుడు తండ్రి ఒక్కడే. ఇవి మార్చమని అడగాలంటే సభలో తమ మాటకి విలువ వుండాలి. ఓటు లేనివాళ్ళ మాటకి విలువెక్కడిది?

ముఖ్యమంత్రి రాడ్‌మండ్ రాబ్లిన్ లేచారు. 1900 నుంచి ఆయనదే ఏలుబడి. నిండుగా, దర్జాగా వుండే మనిషి, మాటకారి. వచ్చిన స్త్రీలందరికీ గౌరవంగా నమస్కరించి, ఆడవాళ్ళంటే తనకెంత పూజ్యభావమో చెప్పారు. ఇంగ్లండులో ఓటు కోసం ఆడవాళ్ళు చేస్తున్న అల్లరి చూశాక తనకి భయం వేస్తోందన్నారు. ఓటు వస్తే సంసారాలు విచ్ఛిన్నమవుతాయన్నారు. స్త్రీ స్థానం రాజకీయాల కంటే ఎంతో ఎత్తున వుందని, అక్కణ్ణుంచి ఆమెని కిందికి దించే పాపం తను చెయ్యలేనని సెలవిచ్చారు.

అంతా విన్నాక మామూలుగా అయితే ఏం చేస్తాం? కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, లేదా ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడతాం. నెల్లీ మాత్రం ఆయన మాట్లాడినంతసేపూ కన్నార్పకుండా చూస్తూ కూచుంది. మడమల మీద ముందుకీ వెనక్కీ వూగడం, గొంతు ఎక్కడ తేనెలా పోస్తున్నాడు, ఎక్కడ పెంచుతున్నాడు... అన్నీ మనసులో రాసుకుంది. ఎందుకంటే మర్నాడు సాయంత్రమే ఆవిడకి పని వుంది!

ఆ పనేమిటో చెప్పేముందు ఆవిడ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. 1873 అక్టోబరు 20న ఒంటారియోలోని చాట్స్‌వర్త్ అనే వూళ్ళో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో చివరిది. 1880లో ఆ కుటుంబం కొత్త భూములు వెతుక్కుంటూ మానిటోబాకి వలస వచ్చింది. దగ్గర్లో బడి లేక పదో ఏట గానీ అక్షరాలు దిద్దలేదు. చిన్నప్పుడు ఒకసారి వూరివాళ్ళంతా వనభోజనాలకి వెళితే పరుగుపందేలు పెట్టారట. నేనూ పరిగెడతానంది నెల్లీ. ఆడపిల్లలు పరిగెడితే పావడాలు ఎగిరి కాళ్ళు కనిపిస్తాయని వద్దన్నారు. ఎంత చిన్న సంగతి! కానీ ముసలితనంలో ఆత్మకథ రాసుకునేటప్పుడు కూడా ఆవిడ దాన్ని మర్చిపోలేదు.

పదహారో ఏటే పంతులమ్మ అయింది. ఉద్యోగం చేసే వూళ్ళో ఆనీ మెక్లంగ్ అనే పాదిరిగారి భార్యతో పరిచయమైంది. తాగుడు మానిపించాలని, స్త్రీలకి ఓటు రావాలని పనిచేసే మనిషి. ఆవిడని చూడగానే, అత్తగారంటూ వుంటే ఈవిడే అయివుండాలని అనుకుందట నెల్లీ. మన అమ్మాయిలు నవ్వుతారేమో గానీ, పెళ్ళికొడుకుని తర్వాత చూసింది, అత్తగారిని ముందు ఎంచుకుంది! ఆ కొడుకు వెస్ మెక్లంగ్. మందుల షాపు నడిపేవాడు. 1896లో పెళ్ళయింది. ఆ ఎంపిక తప్పు కాలేదు. పిల్లల పనిలో మునిగిపోయిన కోడల్ని కథల పోటీకి రాయమని పోరిందీ, ఇల్లు తను చూసుకుంటానని కూచోబెట్టి రాయించిందీ అత్తగారే. ఆ కథే పెరిగి 1908లో మొదటి నవలగా వచ్చింది. కెనడాలో ఆ రోజుల్లో విపరీతంగా అమ్ముడుపోయింది. నలుగురి మధ్య వంటింట్లో కాగితాలు పరుచుకుని రాసుకునే నాబోటిదానికి ఈ ముక్క దగ్గర కొంచెం అసూయ కలిగిందంటే దాచుకోను.

1911లో విన్నిపెగ్ వచ్చాక ఆవిడకి రచయిత్రులూ, పత్రికల్లో పనిచేసే స్త్రీలూ స్నేహితులయ్యారు. 1912లో అంతా కలిసి రాజకీయ సమానత్వ సంఘం పెట్టుకున్నారు. ఒకరోజు నెల్లీ, ఇంకో స్నేహితురాలూ ఏకంగా ముఖ్యమంత్రి రాబ్లిన్‌నే బట్టలు కుట్టే కార్ఖానాలకి తీసుకెళ్ళారు. జారే మెట్లు దిగితే నేలమాళిగ. గాలీ వెలుతురూ లేని గదుల్లో వంగి కుడుతున్న ఆడపిల్లలు. ఆయన నిజంగానే అదిరిపోయారు. ఇలాంటి నరకాలున్నాయని తనకి తెలియదన్నారు. అయితే ఆడపిల్లల కోసం ఒక ఆడ ఇన్‌స్పెక్టర్‌ని వెయ్యమంటే మాత్రం మొహం తిప్పుకున్నారు. పైగా మర్యాదస్తులైన స్త్రీలు ఇలాంటి చోట్లకి ఎందుకొచ్చారని ఆశ్చర్యపోయారు.

సరే, 1914 జనవరి 28. విన్నిపెగ్‌లో వాకర్ థియేటరు. టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. తెర లేచింది. వేదిక మీద శాసనసభ. సభ్యులంతా ఆడవాళ్ళే! ఆ రాజ్యంలో ఓటు ఆడవాళ్ళకే, మగవాళ్ళకి లేదు. మగవాళ్ళు ఎర్ర టైలు, కిర్రు చెప్పులు వేసుకోకుండా అదుపు చెయ్యాలని ఒక అర్జీ వచ్చింది. తల్లితో సమానంగా తండ్రికి కూడా పిల్లల మీద హక్కు ఇచ్చే బిల్లు చర్చకొచ్చింది. జనం నవ్వుతూనే వున్నారు గానీ ఆ బిల్లు దగ్గర నవ్వు ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తోంది కదా! అప్పుడు వచ్చారు మగవాళ్ళు, ఒంటిచక్రం తోపుడుబండి నిండా అర్జీలు తోసుకుంటూ, ఓటు ఇప్పించమని.

ముఖ్యమంత్రి వేషంలో నెల్లీ లేచింది. మడమల మీద వూగింది. ముందురోజు సభలో విన్న ఆ గొంతుతోనే, వచ్చిన పెద్దమనుషుల అందచందాలని మెచ్చుకుంది. మగవాళ్ళంతా మీ అంత బుద్ధిమంతులైతే ఇబ్బంది లేదుగానీ అని నసిగింది. రాజకీయాలు మగవాళ్ళ మనసుల్ని చెదరగొట్టి కాపురాలు కూలుస్తాయని బాధపడింది. మగవాడు ఓటు కంటే గొప్పపనుల కోసం పుట్టాడని, అతన్ని దిగజార్చలేనని చెప్పి, వినయంగా వంగి నమస్కరించి, బండితో సహా వెనక్కి పంపేసింది.

థియేటరు నవ్వులతో దద్దరిల్లింది. ఆవిడ ముఖ్యమంత్రిని ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆయన వాదాన్ని తీసుకుని, ఆడవాళ్ళు అని వున్నచోట మగవాళ్ళు అని మార్చి ఆయనకే అప్పజెప్పింది, అంతే. ఆ నాటకాన్ని మళ్ళీ మళ్ళీ వేశారు. ఆ టిక్కెట్ల డబ్బు వుద్యమానికి ఖర్చయింది.

అయితే నవ్వినవాళ్ళంతా ఓటు వెయ్యలేదు. ఆ జులై ఎన్నికల్లో నెల్లీ వూరూరా తిరిగి ప్రసంగించినా రాబ్లిన్ పార్టీయే నెగ్గింది. బ్రాండన్ అనే వూళ్ళో ఆవిడ దిష్టిబొమ్మ తగలబెట్టారు. పిల్లల్ని గాలికొదిలేసి తిరుగుతోందని పత్రికల్లో రాశారు. ఈ విమర్శ ఎంతదాకా వెళ్ళిందంటే, చిన్నవాడు బురదలో ఆడి కనిపిస్తే పెద్దపిల్లలు వాణ్ణి పెరటిదారిన ఇంట్లోకి లాక్కొచ్చేవాళ్ళట, ఎవరైనా ఫోటో తీసి పేపర్లో వేస్తారని! ఈ సంగతి ఆవిడ నవ్వుతూనే రాసుకుంది. నాకైతే నవ్వు రాలేదు.

తర్వాత కథ త్వరగా నడిచింది. కొత్త శాసనసభ భవనం కాంట్రాక్టులో అక్రమాలు బయటపడి 1915 మేలో రాబ్లిన్ రాజీనామా చేశారు. కొత్త ముఖ్యమంత్రి నారిస్ స్త్రీలే సంతకాలు తెచ్చి చూపించాలన్నారు. దాదాపు 40,000 సంతకాలు వచ్చాయి. తొంభై ఏళ్ళు దాటిన అమీలియా బరిట్ అనే బామ్మగారు ఒక్కరే నాలుగువేలకి పైగా తెచ్చారు! తీరా బిల్లు తయారయ్యాక, ఓటు వెయ్యొచ్చుగానీ ఎన్నికల్లో నిలబడే హక్కు అందులో లేదు. లిలియన్ బేనన్ థామస్ అనే ఆవిడ అది కనిపెట్టి, ఆమె చెల్లెలు ఫ్రాన్సిస్ బేనన్‌తో కలిసి పట్టుబట్టి ఆఖరి ఘడియలో మార్పించారు. సంతకం పెట్టేముందు కాగితం పూర్తిగా చదవాలని మా నాన్నగారు వూరికే చెప్పలేదు.

1916 జనవరి 27న ఆ బిల్లు సభలో నెగ్గింది. సరిగ్గా రెండేళ్ళకి అదే తేదీ. మర్నాడు చట్టమయింది. స్త్రీలకి ఓటిచ్చిన మొదటి కెనడా రాష్ట్రం మానిటోబా. గాలరీలో ఆడవాళ్ళు లేచి పాటలు పాడారు. ఆ గాలరీలో నెల్లీ లేదు. భర్త వుద్యోగం బదిలీ మీద అప్పటికే అల్బర్టా రాష్ట్రంలోని ఎడ్మంటన్ వెళ్ళిపోయింది. అంతకు కొద్దికాలం ముందే పెద్దకొడుకు జాక్‌ని యుద్ధానికి రైలెక్కించి వచ్చిన తల్లి ఆవిడ. ఏప్రిల్లో అల్బర్టా కూడా ఓటిచ్చింది. 1921లో అక్కడి శాసనసభకి నెల్లీ ఎన్నికై అయిదేళ్ళు కూచుంది. మరో నలుగురు స్త్రీలతో కలిసి వేసిన కేసులో, సెనేట్ పదవులకి స్త్రీలు కూడా వ్యక్తుల కిందే లెక్క అని 1929 అక్టోబరు 18న లండన్లోని ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. వ్యక్తులమని అనిపించుకోవడానికి కోర్టుకెక్కాలా అని మనం అనుకుంటాం. ఎక్కారు మరి.

ఇక్కడితో ఆపేస్తే హాయిగా వుంటుంది. కానీ ఆపలేను. 1916లో వచ్చిన ఓటు ప్రభుత్వ ఒడంబడికల కింద వున్న ఆదివాసీ స్త్రీలకి రాలేదు. మానిటోబాలో వాళ్ళకి 1952 దాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధకాలంలో నెల్లీయే ఒకసారి, కెనడాలోనూ బ్రిటిషు రాజ్యంలోనూ పుట్టిన స్త్రీలకి మాత్రం ముందు ఓటిచ్చి, వలస వచ్చిన పరాయిదేశపు స్త్రీలని పక్కన పెడదామని ప్రధానమంత్రికి సూచించింది. ఫ్రాన్సిస్ బేనన్ పత్రికలో బహిరంగంగా తప్పుపడితే ఆ సూచన వెనక్కి తీసుకుంది. అంతకంటే బాధ పెట్టేది ఇంకొకటుంది. మానసికంగా ఎదగలేదని ముద్రపడినవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించాలనే వాదాన్ని ఆవిడ సమర్థించింది. 1928లో అల్బర్టాలో అలాంటి చట్టం వచ్చింది. 1972 దాకా వుంది. రెండువేల ఎనిమిది వందలమందికి పైగా దాని పాలబడ్డారు. బండెడు అర్జీలు వెనక్కి పంపడం ఎంత అన్యాయమో రాష్ట్రమంతటికీ చూపించిన మనిషికి, అర్జీ కూడా రాయలేని ఆడపిల్లల సంగతి ఎందుకు తట్టలేదు? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు.

చివరి ఏళ్ళు బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియాలో, తోట పెంచుకుంటూ, ఆత్మకథ రాసుకుంటూ గడిపింది. 1951 సెప్టెంబరు 1న కన్నుమూసింది. ఆ రాష్ట్రంలో మన భారతీయులకి, ఆడామగా ఎవరికైనా, 1907లో తీసేసిన ఓటు హక్కు తిరిగి వచ్చింది 1947లో.

విన్నిపెగ్‌లో వాకర్ థియేటరు పేరు మారినా ఇంకా నిలిచేవుంది. ఏ భవనం కాంట్రాక్టు గొడవలో రాబ్లిన్ పదవి పోయిందో, ఆ శాసనసభ ఆవరణలోనే 2010లో నెల్లీకీ, ఆ కేసు వేసిన మిగతా నలుగురికీ విగ్రహాలు పెట్టారు.

మా కాలనీ సంఘం సమావేశం వచ్చే ఆదివారం వుంది. బిస్కెట్లు ఈసారి మేమే పట్టుకెళుతున్నాం.