ఉస్తాద్ జాకిర్ హుసేన్

మార్టూరు పరిసరాల్లో పత్తి, మిరప చేలను నమ్ముకున్న మన కుటుంబాల నుంచి కూడా పిల్లలు బి.ఇడి.లో చేరుతున్నారు. ఓ చిన్న కాలేజీలో గణితమో, సాంఘికశాస్త్రమో మెథడాలజీగా తీసుకుని, లెసన్ ప్లాన్లు రాసుకుని, టీచింగ్ ప్రాక్టీసుకు హైస్కూలుకు వెళుతున్నారు. డిగ్రీలో చదివిన సబ్జెక్టే కదా, దాన్ని చెప్పడం మళ్ళీ నేర్చుకోవడమేమిటని పెద్దలు విసుక్కోవడం మేము విన్నాము. అలాంటి ఇళ్ళలో డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ జీవితం చెప్పుకోదగ్గది. ఆయన్ను చాలామంది రాష్ట్రపతిగానే ఎరుగుదురు.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ అక్కడ వకీలు. పదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. కుటుంబం ఉత్తరాదిన ఉన్న స్వస్థలం కాయంగంజ్‌కు చేరింది. 1911లో ప్లేగు తల్లినీ తీసుకుపోయింది. డాక్టరు కావాలని లక్నోలో సైన్సులో చేరితే జబ్బుచేసి ఆ చదువు ఆగింది. చివరకు అలీగఢ్‌లో ఎకనామిక్సు చదివారు. 1920లో గాంధీజీ పిలుపు విని ప్రభుత్వ సాయంతో నడిచే ఆ కాలేజీని వదిలి వచ్చిన వారిలో ఆయన ఒకరు. వారి కోసమే ఆ అక్టోబరులో జామియా మిల్లియా పుట్టింది.

1922లో బెర్లిన్ వెళ్ళి ఎకనామిక్సులో డాక్టరేటు చేశారు. అయితే అక్కడ ఆయన మనసు బడుల మీదికి మళ్ళింది. చేతిపని ద్వారా పిల్లవాడి బుద్ధి వికసిస్తుందన్న కెర్షెన్‌స్టైనర్ ఆలోచనలు ఆయన్ను పట్టుకున్నాయి. మమ్మల్నడిగితే ఆయన బి.ఇడి. అదే!

ఇక్కడ జామియాకు డబ్బుల్లేక మూసివేసే పరిస్థితి వచ్చింది. మూయవద్దు, మేము వస్తున్నామని ఆయన, మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్‌లు బెర్లిన్ నుంచి తంతి పంపారు. 1926లో వచ్చి, 29 ఏళ్ళకే వైస్ ఛాన్సలరయ్యారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుండేది సంస్థ స్థితి. నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్ళు పనిచేస్తామని అక్కడి ఉపాధ్యాయులు ప్రతిజ్ఞ పట్టారు. ఆయనా పట్టారు.

ప్రైమరీ పిల్లలకు మిఠాయి పంచుతుండగా తన చిన్న కూతురు కన్నుమూసిందన్న కబురు చెవిలో పడిందని, పంపకం పూర్తయ్యాకే ఆయన ఇంటికి కదిలారని జామియాలో చెప్పుకుంటారు. పిల్లల పండగ చెడగొట్టడం ఆయనకు ఇష్టంలేకపోయింది.

1937లో వార్ధాలో గాంధీజీ ఏర్పాటుచేసిన విద్యా కమిటీకి ఆయనే అధ్యక్షులు. మాతృభాషలో, ఒక చేతివృత్తి ఆధారంగా, ఏడేళ్ళ ఉచిత చదువు ఆ పథకం. మన పత్తినే తీసుకోండి. నూలు వడికే పిల్లవాడు పోగులు లెక్కపెడితే గణితం, పత్తి ఏ నేలలో పండుతుందో తెలుసుకుంటే భూగోళం, మిల్లు గుడ్డ మన నేతగాళ్ళను ఏంచేసిందో వింటే చరిత్ర. అయితే సబ్జెక్టులను ఇలా కలిపి చెప్పగల పంతుళ్ళేరి? పిల్లల చేత వస్తువులు చేయించి అమ్మడమే లక్ష్యమైతే పంతులు వెట్టిచాకిరీ చేయించే మేస్త్రీ అవుతాడని కమిటీయే హెచ్చరించింది. పథకంపై మన ముస్లిముల్లోనే తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆయన నొచ్చుకున్నా పని మానలేదు.

1938లో జామియాలో ఉస్తాదోం కా మద్రసా తెరిచారు. అంటే ఉపాధ్యాయుల బడి. బాగా చదివినవాడు కూడా చెప్పడం నేర్చుకోవడానికి మళ్ళీ విద్యార్థిగా కూర్చునే చోటు అది. జామియా విద్యాశాఖ దాని నుంచే ఎదిగింది.

ఆ తరువాత పదవులు వరసగా వచ్చాయి. అలీగఢ్ వైస్ ఛాన్సలర్, బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే, మస్జిదుకు దగ్గరగా, ఆయన్ను ఖననం చేశారు.