జూదరి ప్రశ్న, పాస్కల్ లెక్క

ఇబ్రహీంపట్నంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక యువకుడు నోట్‌బుక్ పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. సెల్‌ఫోన్‌లో ఆడే నంబర్ల ఆటలో ఏ రోజు ఏ అంకె తగిలిందో ఆరు నెలలుగా అందులో వరుసగా రాసుకున్నాడు. 7 వచ్చి చాలా రోజులైంది కాబట్టి ఇక అది రాక తప్పదని అతని నమ్మకం. దాని మీద ప్రార్థన చేయమన్నాడు! సాగర్ రోడ్డు పక్కన నాయన అమ్మిన భూమి డబ్బులో ఎంత పోయిందని అడిగితే తల దించుకున్నాడు. ఆ పూట మేము అతనికి ప్రసంగం చేయలేదు. బ్లేజ్ పాస్కల్ కథ చెప్పాం. సెమినరీలో చదువుకునే రోజుల్లో ఆ పేరు మాకు పరీక్షలో వచ్చే ఒక ప్రశ్న మాత్రమే. సంఘంలోకి వచ్చాకే ఆయన ఎంత అవసరమైనవాడో తెలిసింది.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సులోని క్లెర్మాన్ పట్టణంలో పుట్టాడు. మూడేళ్లకే తల్లి చనిపోయింది. తండ్రి ఎతియెన్ పన్నుల శాఖ అధికారి, గణితం బాగా తెలిసినవాడు. అయినా కొడుకు ముందు భాషలు నేర్చుకోవాలని లెక్కల పుస్తకాలు దాచిపెట్టాడట. దాచినదాని మీదే పిల్లవాడికి మనసు పోతుంది కదా! పన్నెండేళ్ల బ్లేజ్ బొగ్గుముక్కతో నేల మీద గీతలు గీసుకుంటూ త్రిభుజంలోని మూడు కోణాలు కలిపితే రెండు లంబకోణాలవుతాయని తనంతట తానే తేల్చుకున్నాడు. పదహారేళ్లకు పండితులు మెచ్చిన వ్యాసం రాశాడు. తండ్రి రాత్రింబవళ్లు పన్నుల లెక్కలతో అలసిపోవడం చూసి 1642లో కూడికలు, తీసివేతలు చేసే యంత్రం తయారుచేయడానికి పూనుకున్నాడు. యాభై నమూనాల దాకా చేసి చూశాడంటే ఆ పట్టుదల ఊహించవచ్చు. గాలికి బరువుంటుందని నిరూపించడానికి 1648లో తన బావను పాదరసపు గొట్టంతో కొండ మీదికి ఎక్కించాడు. ఈనాడు ఒత్తిడిని కొలిచే ప్రమాణానికి పాస్కల్ అని పేరు పెట్టింది అందుకే. మన ఊరి చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు రోజూ రాసే మాటే అది.

1646లో తండ్రి మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు భక్తిపరులు. వాళ్లు ఆ ఇంట్లో ఉన్న కొద్ది నెలల్లోనే కుటుంబమంతా దేవుని వైపు తిరిగింది. కానీ బ్లేజ్‌లో ఆ వేడి ఎక్కువకాలం నిలవలేదు. 1651లో తండ్రి చనిపోయాడు. చెల్లెలు జాక్లిన్ పోర్ట్ రాయల్ మఠంలో చేరి, ఆస్తిలో తన వాటా మఠానికి ఇస్తానంటే ఈ అన్న అడ్డుపడ్డాడు. అంతటి మేధావి ఆస్తి దగ్గర అందరిలాంటి అన్నే అయ్యాడు. చివరికి దిగివచ్చాడు గానీ ఆ చెల్లెలి మనసు అప్పటికే నొచ్చుకుంది. మా యువకుడు ఈ మాట దగ్గర ఒక్కసారి తలెత్తి మళ్లీ దించుకున్నాడు. వాళ్ల చెల్లెలి పెళ్లి కోసం దాచిన డబ్బు అందులోనే ఉందని తరవాత తెలిసింది.

ఆ రోజుల్లో పాస్కల్ స్నేహితుల్లో జూదరులున్నారు. షెవాలియె ద మేరే అనే పెద్దమనిషి ఆయన్ని రెండు ప్రశ్నలడిగాడు. ఒక పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక్క ఆరు పడుతుందని పందెం కాస్తే లాభమే. మరి రెండు పాచికలను కలిపి 24 సార్లు వేస్తే ఒక్కసారైనా రెండు ఆర్లు పడతాయని కాస్తే ఎందుకు నష్టం? ఆరుకు నాలుగు ఎంతో 36కు 24 అంతే కదా అని ఆయన వాదన. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! లెక్క వేస్తే మొదటి పందెంలో 1296 అవకాశాల్లో 671 గెలుపు వైపున్నాయి. రెండోదాంట్లో గెలుపు అవకాశం నూటికి 49 మాత్రమే. చూపుకు సమానంగా కనబడేది లెక్కలో సమానం కాదు. జూదరి కొంప ముంచేది ఆ కొద్ది తేడాయే.

రెండో ప్రశ్న ఆట మధ్యలో ఆగిపోతే డబ్బు ఎలా పంచాలని. ఇద్దరు చెరో 32 నాణేలు పెట్టారు. ముందు మూడు ఆటలు గెలిచినవాడికి మొత్తం 64. ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచారు. ఆట ఆగిపోయింది. పాస్కల్ ఇలా ఆలోచించాడు: తరవాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడినా ఇద్దరూ సమానమై 32 దక్కుతాయి. అంటే 32 ఎలాగూ అతనివే. మిగిలిన 32కు ఇద్దరికీ సమాన అవకాశం, కాబట్టి అందులో సగం. అతనికి 48, రెండోవాడికి 16. 1654 వేసవిలో తులూజ్‌లోని న్యాయాధికారి ఫెర్మాకూ పాస్కల్‌కూ మధ్య నడిచిన ఉత్తరాల్లో తేలిన సంగతి ఇది. ఇంకా జరగని దానికి కూడా ఇప్పుడే వెల కట్టవచ్చని అలా తెలిసింది. సంభావ్యతా శాస్త్రానికి ఇక్కడే పునాది పడింది.

ఆ పద్ధతిలోనే మా యువకుడి నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క వేశాం. పది అంకెల్లో ఒకటి తగిలితే రూపాయికి తొమ్మిది రూపాయలిస్తారనుకుందాం. పది అంకెల మీదా రూపాయి చొప్పున పెడితే పది పోయి తొమ్మిది వస్తాయి. ఏ అంకె ఎంచుకున్నా రూపాయి వెల తొంభై పైసలే. 7 రాక చాలా రోజులైందంటావా, నిన్న ఏం పడిందో ఆ ఆటకు జ్ఞాపకం ఉండదు. అది నిజాయితీగా నడిస్తే ఈ మాట. లేకపోతే ఆ నోట్‌బుక్ అసలే పనికిరాదు. విదేశాల్లో 49 అంకెల్లోంచి ఆరు ఎంచుకునే లాటరీలున్నాయి. పాస్కల్ పేరు మీదున్న త్రిభుజంలో చూస్తే ఆ ఆరింటిని 1,39,83,816 రకాలుగా ఎంచుకోవచ్చు. రోజుకొక టికెట్ కొంటే సగటున 38 వేల ఏళ్లకు ఒకసారి తగలాలి. ఒకటి నుంచి ఆరు వరకు వరుసగా పెట్టినా, కలలో కనబడ్డవి పెట్టినా అవకాశం అంతే. పుట్టినరోజులు పెట్టేవాళ్లు ఎక్కువ కాబట్టి 31 దాటిన అంకెలు పెడితే గెలిచినప్పుడు పంచుకునేవాళ్లు తగ్గవచ్చు. ఉపాయాలన్నింటిలో ఇదొక్కటే నిజం. కానీ దానివల్ల గెలుపు దగ్గరపడదు.

మన దేశంలో 1998 నాటి లాటరీల చట్టం ఒంటి అంకె మీద బహుమతులు పెట్టకూడదంది. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టం తెచ్చింది. అయినా నోట్‌బుక్‌లు ఆగలేదు. మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నారు కదా అని కొందరు విశ్వాసులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ మేడగదిలో ఎవరూ పందెం కాయలేదు. సిలువ కింద అంగీ కోసం చీట్లు వేసినవాళ్లకు మటుకు లాభం మీదే కన్ను.

ఫెర్మాతో ఉత్తరాలు నడిచిన ఆ ఏడాదే, నవంబర్ 23 రాత్రి, దాదాపు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పాస్కల్ దేవుని సన్నిధిని అనుభవించాడు. తత్వవేత్తల ఊహల్లోని దేవుణ్ని కాదు, అబ్రాహాము మొదలైన పితరులు ఎరిగిన దేవుణ్ని. ఆ తరవాత తన జూదరి స్నేహితుల కోసం వాళ్ల భాషలోనే ఒక వాదన రాశాడు. దేవుడు ఉన్నాడని జీవితాన్ని ఒడ్డితే పోయేది కొంత, దక్కేది అంతులేనిది. అంతులేనిదాన్ని ఎంత చిన్న అవకాశంతో గుణించినా తరగదు. ఈ వాదన విశ్వాసానికి చాలదని మా అభిప్రాయం. లాభం చూసుకుని వచ్చేవాడు నష్టం చూసి వెళ్లిపోతాడు. నిజానికి పాస్కల్ దాన్ని తలుపు దగ్గరి మాటగానే రాశాడు. ఆయన పోయాక 1670లో అచ్చయిన పాన్సే గ్రంథమంతా క్రీస్తు వైపే నడుస్తుంది. ఆయన చివరిదాకా కథోలిక సంఘంలోనే ఉన్నాడు, కానీ కృప గురించి ఆయన రాసింది చదివితే మనకు పరాయివాడనిపించడు.

ఆయనకు ఆరోగ్యం ఏనాడూ సరిగా లేదు. 1661లో జాక్లిన్ చనిపోయింది. మరుసటి ఏడాది మార్చిలో పారిస్ వీధుల్లో ఐదు సోలకే ఎక్కగలిగే గుర్రపు బండ్లను నడిపించాడు, అందులో తన వాటా పేదలకివ్వాలని. సిటీ బస్సులకు అదే మొదలు. తన ఇంట్లో ఒక పేద కుటుంబాన్ని ఉంచుకున్నాడు. వాళ్ల పిల్లవాడికి మశూచి సోకితే, జబ్బు పిల్లవాణ్ని కదిలించడం మంచిది కాదని తానే ఇల్లు విడిచి అక్క గిల్బెర్త్ ఇంటికి వెళ్లిపోయాడు. అక్కడే 1662 ఆగస్టు 19న కన్నుమూశాడు. అప్పటికి 39 ఏళ్లు.

కొద్ది రోజులకు ఇంటి పనివాడికి ఆయన కోటు లోపలి వస్త్రంలో ఏదో మందంగా తగిలింది. విప్పి చూస్తే 1654 నవంబర్ నాటి ఆ రాత్రి గురించి ఆయన చేత్తో రాసుకున్న కాగితం. కోటు మార్చినప్పుడల్లా పాతదాంట్లోంచి విప్పి కొత్తదాంట్లో కుట్టుకుంటూ ఎనిమిదేళ్లు గుండెకు ఆనించుకుని తిరిగాడన్నమాట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.