బ్రెగే చూడని విమానం

బ్రెగే అనగానే చాలామందికి గడియారాలు స్ఫురిస్తాయి. ఆ గడియారాల వంశంలోనే 1880 జనవరి 2న పారిస్‌లో లూయీ బ్రెగే జన్మించారు. ఆయన మనస్సు మాత్రం గాలిని వశపరచుకోవడంపైనే లగ్నమైంది.

1907లో సోదరుడు జాక్, ఆచార్య షార్ల్ రిషేల తోడ్పాటుతో ఉత్తర ఫ్రాన్సులోని దువే పట్టణంలో ఆయన నాలుగు కొసలా తిరిగే పంఖాలున్న యంత్రాన్ని నిర్మించారు. అది మనిషితో సహా సుమారు రెండడుగులు లేచింది. తూలిపోకుండా నలుగురు మనుషులు నాలుగు కొసలనూ పట్టుకొని నిలబడవలసి వచ్చింది. దానిని ఎగరడమని ఒప్పుకోవడం కష్టమే. లేపడం సాధ్యమని తేలింది. నిలపడం ఎలాగో తేలలేదు.

తరువాత ఆయన కీర్తి సాధారణ విమానాలతోనే పెరిగింది. 1916లో బ్రెగే-14ను తొలిసారి స్వయంగా నడిపారు. 1919లో స్థాపించిన విమానయాన సంస్థ కాలక్రమాన ఎయిర్ ఫ్రాన్స్‌లో కలిసింది. 1930లో కోస్త్, బెలోంత్‌లు ఆయన విమానంలోనే పారిస్ నుండి ఆగకుండా న్యూయార్క్ చేరారు.

చివరి సంవత్సరాలలో ఆయన మళ్లీ పాత ప్రశ్నకే వచ్చారు. రెక్క పొడవునా ప్రొపెల్లర్లు అమర్చి, అవి నెట్టే గాలిని రెక్క వెనుక అంచున వంగే పలకలతో క్రిందికి మళ్లిస్తే, విమానం మెల్లగా సాగుతున్నా రెక్కకు వేగమైన గాలి అందుతుంది. చిన్న మైదానం చాలుతుంది. అయితే ఒక ఇంజను ఆగితే ఆ ప్రక్క ఎత్తుడు బలం తగ్గి విమానం ఒరిగిపోతుంది. నేలకు దగ్గరగా అది ప్రాణాంతకం. అందుకే నాలుగు ప్రొపెల్లర్లనూ ఒకే ఇరుసుతో కలిపారు. ఏ ఇంజను ఆగినా అన్నీ తిరుగుతూనే ఉంటాయి. దువేలో నలుగురు మనుషులు చేసిన పని ఇక్కడ ఇరుసు చేసిందన్నమాట!

ఆ విమానాన్ని చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1955 మే 4న మరణించారు. బ్రెగే-940 ఎగిరింది 1958 మే 21న. దాని తరువాతి 941ని అమెరికాలో నాసా కూడా పరీక్షించింది. కాని ఫ్రెంచి సైన్యానికి నాలుగు మాత్రమే తయారయ్యాయి.

చిన్న మైదానమంటే ఇళ్ల మధ్యకు వచ్చే విమానం. అక్కడ చప్పుడు పెద్ద చిక్కు. ప్రొపెల్లరు కొసల వేగం పెరిగేకొద్దీ రొద విపరీతమవుతుంది. చిన్న ప్రొపెల్లర్లను ఎక్కువ సంఖ్యలో, కొసల వేగం తగ్గించి త్రిప్పడం నేటి మార్గం. నాసా 14 ప్రొపెల్లర్లతో తలపెట్టిన ఎక్స్-57 ఎగరకుండానే 2023లో ముగిసింది. అదే సంవత్సరం నవంబరులో అమెరికాలోని ఎలెక్ట్రా సంస్థ ఎనిమిది ప్రొపెల్లర్ల విమానం గాలిలోకి లేచింది. అందులో ఇరుసు లేదు. శక్తిని విద్యుత్ తీగలే పంచుతాయి.